దుబాయిలో చలి

సులేమానీ,
అక్టోబర్ 9

ప్రియమైన వదినా,

"దుబాయి నుంచి నీ మరదలు రాయునది ఏమనగా" అని మొదలుపెడదామనుకున్నాను. నీ దగ్గర కూడా అబద్ధమాడితే ఇక నిజం చెప్పడానికి నాకు మనిషే మిగలదు. అందుకని సులేమానీ నుంచే రాస్తున్నాను. ఇరాక్ దేశంలో, కొండల నడుమ, కుర్దుల ఊరు. వచ్చి మూడు వారాలైంది. కాళ్లు, చేతులు, ముప్ఫై రెండు పళ్లు అన్నీ ఉన్నచోటే ఉన్నాయని మీ ఆయనకు, అదే మా శివన్నకు చెప్పు.

వాట్సాప్ వద్దు, ఈ-మెయిలే రాసుకుందామన్న నీ ఉపాయం మంచిదే. సాయంత్రం కాగానే నీ ఫోన్ బాపు చేతిలో ఉంటుంది. నా మెసేజ్ వచ్చిందంటే లింబాయత్ గల్లీ మొత్తానికి వినిపిస్తాడు. ఆల్థాన్‌లో నీ క్లినిక్ కంప్యూటరే మనకు దిక్కు. ఆ పళ్ల డాక్టరు గుజరాతీ ఆయన, తెలుగు చదవలేకపోవడం మన అదృష్టం.

నేను బాపుకు చెప్పింది పూర్తి అబద్ధం కాదు వదినా. స్కూలు కంపెనీ దుబాయిదే. ఇంటర్వ్యూ చేసింది వాళ్లే. "దుబాయి కంపెనీ" అన్నాను, బాపు "దుబాయి" వరకే విన్నాడు. నేను సరిదిద్దలేదు, అంతే. అంతే అని రాశాను గానీ, విమానంలో కూర్చున్నాక ఏడ్చాను. అమ్మ పోయినప్పటి నుంచి నా జడ కూడా బాపే వేశాడు. ఆయనతో ఇంత పెద్ద మాట దాచడం ఇదే మొదలు.

ఇక్కడ మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఒక ఇంట్లో మేడ మీద గది. కింద ఇంటావిడ గులాలె. డెబ్బై ఏళ్లుంటాయి. అందరూ ఆమెను "దాయా" అంటారు, అంటే అమ్మ. మొదటి రోజు చాయ్‌కి పిలిచింది. చిన్న గాజు గ్లాసు. తాగాను, నింపింది. తాగాను, మళ్లీ నింపింది. పెద్దావిడ పోస్తుంటే వద్దంటే బాగుండదని పదకొండు తాగాను. పన్నెండో దానికి ఆమె మనవరాలు నవ్వలేక చచ్చి, నా గ్లాసు మీద చెంచా అడ్డంగా పెట్టింది. చాలు అనడానికి అదీ పద్ధతట! దాయా పాపం (ఇక్కడ ఇండియా వాళ్లను హిందీ అంటారు), ఈ హిందీ పిల్లకు ఇంట్లో చాయ్ పెట్టేవాళ్లు లేరేమో అనుకుందట.

నీ మరదలు,
రుచిత

*

ఆల్థాన్, సూరత్,
అక్టోబర్ 17

చాయ్ కడవ మరదలికి,

పదకొండు గ్లాసులా? మన ఇంట్లో నేను రెండో కప్పు అడిగితే "నల్లగైతవ్ వదినా, నీకే మంచిది గాదు" అని నా కప్పు కూడా లాక్కునేదానివి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం పుట్టినప్పటి నుంచి వచ్చుగదా, గ్లాసు మీద పెట్టడానికి ఏమైంది నీ చేతికి?

ఇక్కడ మామ సంగతి విను. కూతురు దుబాయిలో టీచరని చెప్పని మనిషి లేడు. కూరగాయల బండి ఊర్మిళకు చెప్పాడు, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాడు. నిన్న నాతో, "సంధ్యా, దుబాయిల మన రుచి ఉండే అంతస్తు నుంచి సముద్రం అగుపిస్తదా?" అన్నాడు. అగుపిస్తది మామా అన్నాను. నీ పుణ్యమా అని నాకు నరకంలో సీటు ఖాయం.

నవ్వులాట కాదు గానీ రుచీ, జాగ్రత్త. ఈ ఇంట్లో "ఇరాక్" అన్న మాట ఎత్తకూడదని నీకూ తెలుసు. సాంబయ్య చిన్నమామ ఏజెంటును నమ్మి అక్కడికి పోయి, పదకొండు నెలలు ఉన్నాడో లేడో తెలియకుండా పోయాడు. ఆ పదకొండు నెలలూ మామ సరిగా అన్నం తినలేదట. తిరిగొచ్చిన తమ్ముడిని చూసి సంతోషించాల్సింది పోయి, చెప్పకుండా పోయినందుకు ఇప్పటికీ మాట్లాడడు. చిన్నమామ ఇక్కడికి పక్కనే కామ్‌రేజ్‌లో ఉంటాడు, అయినా పెళ్లిళ్లలో చూసుకోవడమే. నీ సంగతి బయటపడితే మామ ఊరుకుంటాడా? మరుసటి విమానమే. అందుకే నేనూ నోరు మూసుకున్నాను.

మామ ఇప్పుడు పొద్దున ఐదింటి రైలుకే కిమ్ కార్ఖానాకు పోతున్నాడు. కార్ఖానాలో నౌరోజ్ మాల్ మొదలైందట. ప్రతి ఏడూ ఇదే గోల, మార్చి దాకా సాంచాలు ఆగవు, పగలూ రాత్రీ నేతే. సూరత్‌లో పట్టుమని పదివేల మంది పార్సీలు ఉంటారో ఉండరో, వాళ్ల పండుగకు ఇంత జరీ బట్ట ఎందుకో నాకు అర్థం కాదు. మామనడిగితే, "ఎవలు కట్టుకుంటే మనకేంది, నేసుడే మన పని" అన్నాడు.

నీ వదిన,
సంధ్యారాణి

*

సులేమానీ,
నవంబర్ 21

వదినా,

ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటున్నాను. తిట్టకుండా కాదు, పొగడకుండా.

దాయా ఇంట్లో టర్నిప్ ఊరగాయ పెట్టారు. బాగుంది అన్నాను. వెంటనే "పేష్‌కష్" అని సీసా నా చేతిలో పెట్టింది. అంటే "ఇది నీదే" అని. గోడకున్న అద్దం బాగుంది అన్నాను, పేష్‌కష్, మేకు నుంచి దించబోయింది. ఎవరైనా దేన్నైనా మెచ్చుకుంటే ఇచ్చేస్తామనాలి, ఆ మెచ్చుకున్నవాళ్లు మూడుసార్లు వద్దనాలి. అదీ మర్యాద. నాకు ఆ రెండో సగం తెలియదు. ఊరగాయ సీసా, అద్దం రెండూ నా గదిలో ఉన్నాయి. అద్దం తిరిగి ఇవ్వబోతే దాయా చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు కింద వాళ్లంతా తల దువ్వుకోవడానికి మేడ ఎక్కి నా గదికి వస్తున్నారు.

అసలు సంగతి ఇంకోటి. పోయిన శుక్రవారం అందరం కొండ మీదికి వెళ్లాం. వీళ్లకు శుక్రవారమొస్తే ఇంట్లో కాలు నిలవదు. గిన్నెలు, చాపలు, చాయ్ కెటిల్ అన్నీ కారులో వేసుకుని ఎక్కడ గడ్డి కనిపిస్తే అక్కడ కూర్చుంటారు. ఆడవాళ్లంతా వాళ్ల కుర్దీ బట్టల్లో వచ్చారు. పాదాల దాకా పల్చటి మెరుపు గౌను, చేతులకు బారెడు పొడుగు తోకలు. ఆ తోకల్ని వీపు వెనక ముడేసుకుంటారు. దాయా మీద ఆకుపచ్చ జరీ ఎంత బాగుందో, నేను నోరు జారాను. ఆమె నన్ను బజారుకు లాక్కుపోయి, అలాంటి బట్టే కొని కుట్టించింది. మూడుసార్లు కాదు, ఏడుసార్లు వద్దన్నాను. వినలేదు.

బట్టల షాపాయన ఏమన్నాడో తెలుసా? "ఇది మంచి రకం, సూరత్‌ది" అన్నాడు. నాది సూరతే అని ఎగిరి గంతేశాను. ఆయన నమ్మలేదు. పాన్ కార్డు తీసి చూపించాను, దాని మీద సూరత్ అని ఉండదని అప్పుడే తెలిసింది.

ఫోటో పంపుతున్నాను. పెరట్లో దాయా, నేను. చూడు, మన ఊరి బట్ట ఎక్కడికొచ్చి కూర్చుందో! బాపుకు మాత్రం చూపించకు.

రుచిత

*

ఆల్థాన్, సూరత్,
డిసెంబర్ 12

మహారాణి గారికి,

ఫోటో చూశాను, నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. నెమలి పురి విప్పినట్టున్నావు. ఒక్క మాట చెబుతాను, గుర్తుపెట్టుకో. వాళ్లింట్లో ఊరగాయను పొగుడు, అద్దాన్ని పొగుడు. పెళ్లికాని కొడుకు ఎవడన్నా ఉంటే వాణ్ని మాత్రం పొగడకు. పేష్‌కష్ అంటే మూడుసార్లు వద్దనడం నీకు చేతకాదు.

ఇంకో మాట. కోప్పడకు. ఫోన్ చూస్తుంటే మామ వెనక నుంచి వచ్చాడు. దాచే లోపే చూసేశాడు. దుబాయిలో స్కూలు వార్షికోత్సవం, వేషం వేసింది అన్నాను. మామ ఫోన్ తీసుకుని, రెండు వేళ్లతో పెద్దగా చేసి, కళ్లద్దాలు మార్చి, చాలాసేపు చూశాడు. నీ ముఖం చూస్తున్నాడేమో, కంట నీళ్లు పెట్టుకుంటాడేమో అనుకున్నాను. అదేం లేదు. ఫోన్ నాకిచ్చి, "అక్కడ చలి ఉంటదా?" అన్నాడు.

దుబాయిలో చలేంటి మామా, ఏసీ చలి ఉంటుందేమో అన్నాను. "ఆఁ, ఏసీ చలి" అని తల ఊపి బీడీ కోసం బయటికి పోయాడు. గండం గడిచింది. నా తెలివికి నేనే వీపు తట్టుకున్నాను.

సంధ్యారాణి

*

సులేమానీ,
జనవరి 24

వదినా,

నీ తెలివి సంగతి పక్కన పెట్టు, నా తెలివి చూడు. మంచు పడుతోంది ఇక్కడ. కొండలు కనపడటం లేదు. నీళ్ల పైపులు గడ్డకట్టాయి. స్కూలుకు సెలవులిచ్చారు. గదిలో కిరోసిన్ పొయ్యి పెట్టుకుని, రెండు స్వెట్టర్లేసుకుని కూర్చున్నాను. అప్పుడు బాపు వీడియో కాల్ చేశాడు.

దుబాయిలో ఉన్నదాన్ని గదా! స్వెట్టర్లు విప్పాను. పొట్టి చేతుల చుడీదార్ వేసుకున్నాను. పొయ్యిని మంచం కిందికి తోయబోయి చెయ్యి కాల్చుకున్నాను. అనుమానం రాకుండా వెనక ఫ్యాన్ కూడా వేశాను. పళ్లు టకటకలాడుతుంటే, నవ్వుతూ "బాపూ, ఇక్కడ ఒకటే ఉక్క" అన్నాను.

బాపు కాసేపు చూసి, "ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా, సర్ది అయితది" అన్నాడు. ఉక్కలో సర్ది ఎందుకవుతుందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫోన్ పెట్టేశాక దాయా పైకి వచ్చి, మంచు రోజున ఫ్యాన్ వేసుకున్న నన్ను చూసి, పరుగున పోయి దుప్పటి తెచ్చి కప్పింది. హిందీ వాళ్లకు పిచ్చి ఇలాగే మొదలవుతుందా అని మనవరాలిని అడిగిందట.

వదినా, ఇంకోటి. స్కూలు వాళ్లు మరో రెండేళ్లకు కాగితం ఇచ్చారు. నౌరోజ్ లోపల సంతకం పెట్టాలి. ఇక్కడ కొత్త సంవత్సరం అదే, మార్చి ఇరవై ఒకటి. నాకు ఉండాలనుంది. ఈ పిల్లలు, ఈ కొండలు, కిందింటి ముసలమ్మ. అబ్బాయెవరూ లేడు, అడగబోతావని ముందే చెబుతున్నాను. కానీ రెండేళ్లు ఫ్యాన్ కింద కూర్చుని ఎలా అబద్ధమాడను?

రుచిత

*

ఆల్థాన్, సూరత్,
ఫిబ్రవరి 18

రుచీ,

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నీ ఫ్యాన్ కథ. క్లినిక్‌లో చదివి నవ్వుతుంటే, పన్ను పీకించుకోవడానికి వచ్చిన ముసలాయన తనను చూసే నవ్వుతున్నానని అలిగి లేచిపోయాడు.

ఇక నవ్వు ఆపి రాస్తున్నాను. ఆ ఫోటో మామ వెనక నుంచి వచ్చి చూశాడని రాశాను గదా, అది అబద్ధం. నేనే చూపించాను. నువ్వు పోయినప్పటి నుంచి నీ పదో తరగతి గుర్తింపు కార్డు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అది చూసి తట్టుకోలేకపోయాను. ఒక్క కొత్త ఫోటో చూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. నన్ను తిట్టుకో.

ఆ రోజు నుంచి మామలో ఏదో మార్పు వచ్చింది. దుబాయి గురించి గల్లీలో చెప్పడం మానేశాడు. సముద్రం అగుపిస్తదా అని అడగడం లేదు. టీవీలో వార్తలు పెడతాడు, నేను గదిలోకి రాగానే సీరియల్‌కు మారుస్తాడు. పోయిన ఆదివారం పొద్దున్నే స్నానం చేసి కామ్‌రేజ్ పోయాడు. సాంబయ్య చిన్నమామ ఇంటికి! ఏడేళ్ల తర్వాత! ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, సాయంత్రం చిన్నమామే స్కూటర్ మీద తీసుకొచ్చి దింపాడు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

నాకు భయంగా ఉంది. నువ్వే చెప్పెయ్యి రుచీ. ఇంకొకరి నోట వింటే ఆయన తట్టుకోలేడు.

సంధ్యారాణి

*

సులేమానీ,
మార్చి 8

వదినా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ "తిన్నవా బిడ్డా" అని బాపు అడిగేసరికి తిన్నానని చెప్పి పెట్టేశాను. చెప్పలేకపోయాను.

ఇక చెప్పను. సంతకం పెట్టడం లేదు. ఆదివారం ప్రిన్సిపాల్‌కు చెప్పేస్తాను, ఏప్రిల్‌లో వచ్చేస్తాను. సూరత్‌లో స్కూళ్లే లేవా? దుబాయి నుంచి వచ్చినట్టే వస్తాను. బాపుకు ఎప్పటికీ తెలియనవసరం లేదు.

ఆ ఆకుపచ్చ గౌను ఇక్కడే వదిలేస్తాను. ఇంటికి తెస్తే సమాధానం చెప్పుకోవాలి.

రుచిత

*

ఆల్థాన్, సూరత్,
మార్చి 11

రుచీ,

నీ ఉత్తరం నేను చదువుతుండగానే మామ క్లినిక్‌కు వచ్చాడు. ఎన్నడూ రానివాడు. నాలుగు కాగితాలు నా ముందు పెట్టి, "దీన్ని రుచికి పంపే మిషిన్ ఉందట గదా, చదవకుండ పంపు" అన్నాడు. చదివాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటే ఇదే. స్కాన్ చేసి పంపుతున్నాను. ఆదివారం లోపల చదువు.

సంధ్య

*

లింబాయత్,
మార్చి 10

బిడ్డ రుచితకు,

బాపు రాజమౌళి రాసేది. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే దిద్దుకో, టీచరువి గదా.

నువ్వు ఇరాక్‌ల ఉన్నవని నాకు డిసెంబర్ నుంచే ఎరుక. సంధ్య నాకు ఫోటో చూపెట్టి, దుబాయిల వేషం అన్నది. నేను ముందు నీ మొఖం చూసిన. చిక్కలేదు, మంచిదే అనుకున్న. తర్వాత బట్ట చూసిన. నీ చేతులకు తోకల తీరుగ వేలాడుతున్నది గదా, దాని కొస పెద్దగ చేసి చూడు. దర్జీ అంచు కత్తిరించకుండ ఉంచిండు. ఆ అంచుల మూడు పోగులున్నయి. రెండు ఎర్రవి, నడుమ ఒకటి పసుపుది. అవి నేను పెట్టిన పోగులు బిడ్డా.

ఎనిమిదేండ్ల కింద సేఠ్, మన మాల్ గుర్తువట్టెతందుకు అంచుల ఏదన్న రంగు పెట్టు అన్నడు. నాకు పసుపు, కుంకుమ తప్ప ఇంకోటి తోచలేదు. మీ అమ్మ యాదికొచ్చింది. ఆ పోగులు నా నాలుగు సాంచాల మీదనే పడతయి, ఇంకెక్కడ పడవు. నువ్వు ఎన్నడు కార్ఖానాకు రాలేదు, నేను రానియ్యలేదు. ఆ సాంచాల మోతకు చెవులు పోతయని. అందుకే నీకు ఎరుక లేదు.

ఆ మాల్ దుబాయి మీదికెల్లే పోతది. కాని దుబాయిల ఆగది. అక్కడ గోదాముల ఉంటదేమో గాని, మనుషుల ఒంటి మీద ఉండది. మర్నాడు సేఠ్‌ను అడిగిన, ఇది ఎవలు కడతరు అని. కుర్దులని వాళ్లు, ఇరాక్‌ల సులేమానీ బజారుకు పోతది, నౌరోజ్ వాళ్ల పెద్ద పండుగ అన్నడు. సంధ్య పార్సీలు అనుకునేది. నేను అది సుత అనుకోలేదు. ఎనిమిదేండ్లు నేసిన, ఎవలు కడతరని ఒక్కనాడు అడగలేదు.

ముందు కోపమొచ్చింది. ఇంటికి రమ్మని ఫోన్ చేద్దామనుకున్న. మంచుల ఫ్యాన్ ఏసుకొని, వణుక్కుంట నవ్విన నీ మొఖం చూసి కోపం పోయింది. నా బిడ్డ నాకు ఇంతగనం భయపడ్డదా అని సిగ్గయింది. తర్వాత భయమైంది. భయమైనంకనే సాంబయ్య దగ్గరికి పోయిన. ఏడేండ్ల సంది వాని మాట విననోన్ని, అప్పుడు విన్న. ఏజెంటు మోసం చేసి పాసుపోటు గుంజుకుంటే, ఒక ముసలామె ఇంట్ల పొద్దుమాపు రొట్టె పెట్టి, కాగితాలు అయ్యేదాక దాచుకున్నరట. ఆమె ఆ కొండల మనిషేనట. "అన్నా, దేశం చెడ్డది గాదు, నన్ను పంపినోడు చెడ్డోడు. నువ్వు అడుగుతె గద చెప్పేది" అన్నడు. నేను అడగకపోవుడే తప్పు. వానికి చేసిన తప్పు నీకు చేయొద్దనుకున్న.

నువ్వు చెప్తవేమో అని మూడు నెలలు చూసిన. చెప్తలేవు. నౌరోజ్ దగ్గరికొస్తున్నది. ఆ కాగితం సంగతి, దాయా అమ్మ సంగతి సంధ్య శివకృష్ణతోని చెప్తుంటె విన్న. ఉండాలనుంటె ఉండు బిడ్డా. సంతకం పెట్టు. ఏడాదికి ఒకపారి రా. ఎక్కడున్నవో అక్కడున్న అని చెప్పు. అంతకంటె నాకేం వద్దు.

ఒక్క పని చెయ్. నేను నేసిన బట్టను తాకాలుగ చుట్టి లారీకి ఎక్కిచ్చుడే గాని, మనిషి ఒంటి మీద ఎన్నడు చూడలేదు. మొదటిపారి చూసింది నీ మీదనే. పండుగనాడు కట్టుకొని ఫోటో పంపు. ముందటికెల్లి ఒకటి, వెనుకకెల్లి ఒకటి. ఆ తోకల ముడి ఎట్ల ఏస్తరో చూడాలె.

దాయా అమ్మకు నా దండం చెప్పు. ఫ్యాన్ బంద్ పెట్టు.

నీ బాపు

*

సులేమానీ,
మార్చి 22, ఉగాది

బాపూ,

ఇరాక్ దేశం, సులేమానీ ఊరు, గులాలె దాయా ఇంటి మేడ మీది గది నుంచి నీ బిడ్డ రాస్తున్నది. సంతకం పెట్టాను.

తప్పయింది బాపూ. నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానంటే, దాయా దుప్పటితో పరుగెత్తుకొచ్చింది. ఈసారి ఫ్యాన్ వెయ్యలేదని చూపించాను.

నిన్న నౌరోజ్. కొండ మీద మంటలు వేశారు. చేయీ చేయీ పట్టుకుని అందరూ ఒకే వరసలో ఆడారు, నన్నూ లాగారు. నాలుగు ఫోటోలు పంపుతున్నాను, వెనక వైపువి రెండు. ముడి ఎట్లా వేయాలో వదినకు నేర్పిస్తాను.

ఆడుతూ ఆడుతూ నేనొక పిచ్చి పని చేశాను. కనిపించిన ప్రతి ఆడమనిషి చెయ్యి పట్టుకుని, తోక కొస తిప్పి చూశాను. ఎరుపు, పసుపు, ఎరుపు. మొత్తం తొమ్మిది మంది మీద దొరికావు బాపూ. ఒకామె పెళ్లికూతురు. ఒక చిన్నపిల్లకు నీ బట్టతో కుట్టిన గౌను పొడుగై మట్టిలో ఈడుస్తోంది. ఏం వెతుకుతున్నావని దాయా అడిగింది. మూడు పోగులు చూపించి, మా బాపు నేసిందని చెప్పాను. నమ్మడానికి ఆమెకు కాసేపు పట్టింది. తర్వాత ఆ అంచును కళ్లకద్దుకుని, చుట్టూ ఉన్న తొమ్మిది మందినీ పిలిచి చూపించింది.

"మీ బాపు ఎంత మంచివాడు" అంది.

ఇక్కడి మర్యాద నీకు వదిన చెప్పే ఉంటుంది. ఎవరైనా దేన్నైనా మెచ్చుకుంటే వెంటనే పేష్‌కష్ అనాలి, నీదే తీసుకో అనాలి. ఆరు నెలల్లో నేను చెవి కమ్మలకు అన్నాను, పెన్నుకు అన్నాను, అమ్మ ఇచ్చిన రుమాలుకు కూడా అన్నాను.

దాయా ఎదురుచూస్తోంది. అందరూ నా నోటికేసి చూస్తున్నారు.

నేను అనలేదు బాపూ.

నీ బిడ్డ,
రుచిత